మెమరీ చిప్పులు – పెన్షనరు సొమ్ము



ఈ సభలో ప్రతిసారీ మనం కరువు భృతి బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి, కమ్యుటేషను గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నాకు వేరే విషయం అప్పగించారు. మన సభ్యులలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనూ, అమెరికాలోనూ ఉన్నారు. వాళ్ళు ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "గ్రాట్యుటీ సొమ్ము బ్యాంకులో ఎందుకు మూలుగుతుంది, చిప్పుల కంపెనీ షేర్లు కొందాం" అంటున్నారట. చిప్పు అంటే ఏమిటో, అందులో మెమరీ చిప్పు వేరా, ఆ కంపెనీల భవిష్యత్తు ఏమిటో నలుగురికీ అర్థమయ్యేటట్లు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, జీవితమంతా ఫైళ్ళు చూసి రిటైరైనవాణ్ణి. కాకపోతే ఒక పెద్ద ఫైలును మొదటి కాగితం నుంచి చదివి నోటు పెట్టడం నాకు తెలిసిన పని. ఈ విషయంలోనూ అదే చేశాను. చేయవలసిన అవసరం నా ఇంట్లోనే వచ్చింది.

మా బావగారు, అంటే మా చెల్లె భర్త, ఉపాధ్యాయుడు. ఆయన పోయిన తర్వాత వచ్చిన సొమ్మంతా చెల్లె పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. 2023 జూన్‌లో మైక్రాన్ అనే అమెరికా కంపెనీ గుజరాత్‌లోని సానంద్‌లో కర్మాగారం పెడుతున్నట్లు ప్రకటించింది. మొత్తం 275 కోట్ల డాలర్ల పని. అందులో కంపెనీ పెట్టేది 82 కోట్ల 50 లక్షల డాలర్ల వరకు, మిగతా దాంట్లో ఎక్కువ భాగం కేంద్ర ప్రభుత్వం, కొంత గుజరాత్ ప్రభుత్వం. ఆ వార్త చూసి మా మేనల్లుడు ఉత్సాహపడ్డాడు. హైదరాబాదులో చిప్పుల డిజైను పరీక్షించే ఉద్యోగం అతనిది. తల్లి సొమ్ములో సగం తీసి మైక్రాన్ షేర్లు కొనాలన్నాడు. టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి వద్దన్నాడు. బావా బామ్మర్దులు ఇద్దరూ వరుసగా మూడు ఆదివారాలు ఫోన్లో వాదించుకున్నారు. మధ్యలో నేను, చెల్లె. వాళ్ళ మాటల్లో సగం మాకు అర్థం కాలేదు. మూడో ఆదివారం చెల్లె నన్నడిగింది: "అన్నా, వీళ్ళిద్దరు సదువుకున్నోళ్ళే. ఇద్దరు నా మంచికే చెప్తున్నరు. నేను ఎవలి మాట ఇనాలె?"

అప్పుడు నేను వాళ్ళిద్దరినీ ప్రశ్నలు అడిగి, చదవమన్నవి చదివి, నోటు తయారు చేసుకున్నాను. ఇప్పుడు మీ ముందు చెప్పబోయేది ఆ నోటే. తర్వాత జరిగిన సంగతులు కూడా కలిపాను.

ముందుగా మెమరీ సంగతి. మన ఆఫీసులో గుమాస్తా టేబులు మీద నాలుగైదు కరెంటు ఫైళ్ళు ఉంటాయి. చెయ్యి చాపితే అందుతాయి. వెనుక రికార్డు రూములో అల్మారాల నిండా పాత ఫైళ్ళు ఉంటాయి. అక్కడ చోటు ఎక్కువ, వెతికి తేవడానికి సమయం ఎక్కువ. కంప్యూటర్‌లో కూడా అంతే. టేబులు లాంటిది డీ-ర్యామ్. రికార్డు రూము లాంటిది ఫ్లాష్, మన సెల్‌ఫోనులో ఫోటోలు దాచుకునేది. తేడా ఏమిటంటే, టేబులు మీద రాసింది నిలవదు. డీ-ర్యామ్‌లో ఒక్కొక్క గుర్తు ఒక చిన్న విద్యుత్తు కుండలో ఉంటుంది, ఆ కుండకు సన్నని చిల్లు. అందువల్ల సెకనుకు పదిహేను సార్లకు పైగా కంప్యూటరు తనంతట తానే అన్ని కుండలూ మళ్ళీ నింపుకుంటూ ఉంటుంది. కరెంటు పోతే అన్నీ ఖాళీ. ఆఫీసులకు మొదట కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో పావు గంట కష్టపడి టైపు చేసిన ప్రొసీడింగ్సు కరెంటు పోగానే మాయమైన సంగతి మనలో చాలామందికి అనుభవమే. అది ఆపరేటరు తప్పు కాదు, ఆ చిల్లు కుండల స్వభావం.

ఈ కుండ పద్ధతిని 1966లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టాడు. అంతకు ముందున్నది ఇంకా చిత్రమైనది. సన్నని అయస్కాంత పూసలను తీగలతో నేసేవాళ్ళు. మన ఖాదీ మగ్గం మీద పడుగు, పేక ఎట్లా కలుస్తాయో అట్లా నిలువు తీగ, అడ్డం తీగ కలిసే ప్రతి చోటా ఒక పూస. ఒక పూసకు ఒక గుర్తు. అమెరికాలో ఆ నేత పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతి మీదనే జరిగింది. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ, డాక్టర్ ఎ.ఎస్. రావు గారి ఆధ్వర్యంలో, 1969లో అందించిన టీడీసీ-12 అనే కంప్యూటరులో ఉన్నది ఈ పూసల మెమరీయే. మెట్‌పల్లి నేతగాళ్ళకు ఆ బొమ్మ చూపిస్తే వివరించవలసిన పని ఉండదు.

పూసల మెమరీ ఎట్లా పోయిందన్నది మనకు అవసరమైన విషయం. 1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే డీ-ర్యామ్ చిప్పు అమ్మింది. అందులో పట్టేది 1024 గుర్తులు. ఇప్పటి పద్ధతిలో తెలుగులో టైపు చేస్తే గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కపెట్టి నలభై రెండు అక్షర చిహ్నాలకు సరి. పెన్షను దరఖాస్తులో మొదటి వాక్యం కూడా పూర్తి కాదు. పైగా పూసల్లో రాసింది కరెంటు పోయినా నిలిచేది, దీంట్లో నిలవదు. గుణం చూస్తే పూసలదే పైచేయి. అయినా పూసలు పోయాయి. ఎందుకంటే, పూసలు నేయాలంటే ఒక్కొక్కటీ నేయాలి. చిప్పును అచ్చు వేసినట్లు వేయవచ్చు. ఏటేటా ఖరీదు తగ్గుతూ పోయింది.

మా వాళ్ళిద్దరి వాదన మొదటి ఆదివారం ఇక్కడే మొదలైంది: ఏ మెమరీ గెలుస్తుంది? మేనల్లుడు హెచ్‌బీఎం అన్నాడు. చిప్పులను ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పేర్చి, మధ్యలో సన్నని రంధ్రాలు పొడిచి, లిఫ్టు పెట్టినట్లు పైకీ కిందికీ తీగలు నడిపి, లెక్కలు చేసే చిప్పు పక్కనే అతికిస్తారు. కృత్రిమ మేధ యంత్రాలకు లెక్క చేసే వేగం ఉన్నా అంకెలు అందించే వేగం చాలదట. ఈ అంతస్తుల మెమరీ ఆ లోటు తీరుస్తుందట. మా అబ్బాయి నవ్వాడు. "బావా, 2015లో కూడ నువ్వు ఇట్లనే అన్నవు గదా" అన్నాడు.

2015 సంగతి ఏమిటంటే, ఆ సంవత్సరం జులైలో ఇంటెల్, మైక్రాన్ కలిసి 3డీ క్రాస్‌పాయింట్ అనే కొత్త మెమరీ ప్రకటించాయి. ఫ్లాష్ కన్నా వెయ్యి రెట్లు వేగం అన్నాయి. కరెంటు పోయినా నిలుస్తుంది. అంటే టేబులూ, రికార్డు రూమూ ఒకటైపోతాయని ఆశ. మేనల్లుడు అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు, ఇంటికొస్తే దాని గురించే చెప్పేవాడు. ఇంటెల్ దాన్ని 2017లో ఆప్టేన్ పేరుతో అమ్మింది. కానీ వేగం డీ-ర్యామ్ అంత లేదు, ఖరీదు ఫ్లాష్ అంత తక్కువ లేదు. మధ్యలో మిగిలిపోయింది. మైక్రాన్ 2021 మార్చిలో చేతులెత్తేసి, యూటా రాష్ట్రంలోని ఆ కర్మాగారాన్ని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు 90 కోట్ల డాలర్లకు అమ్మింది. ఇంటెల్ 2022 జులైలో మూసివేస్తున్నట్లు చెప్పి, సరుకు కింద 55 కోట్ల 90 లక్షల డాలర్లు నష్టం రాసుకుంది.

మా అబ్బాయి ఇంకో ఉదాహరణ తీశాడు, రాంబస్. ఈ కథ మనలాంటి వాళ్ళు తప్పక వినాలి. 1990లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు పెట్టిన కంపెనీ అది. తాను చిప్పులు చేయదు. చిప్పు ఎట్లా చేయాలో పేటెంటు పుచ్చుకుని, చేసేవాళ్ళ దగ్గర రాయల్టీ తీసుకుంటుంది. 1996లో ఇంటెల్ అంతటి కంపెనీ, రాబోయే మా కంప్యూటర్లన్నీ రాంబస్ మెమరీతోనే అన్నట్లు ఒప్పందం చేసుకుంది. 1997లో షేరు 12 డాలర్లకు జనానికి అమ్మారు. 2000 మొదట్లో అది నాలుగు వందల డాలర్లు దాటింది. ఆ రోజుల్లో దాన్ని కొన్నవాళ్ళు రాత్రింబవళ్ళు వాదించుకునేవారట, రాంబస్సా, దాని పోటీ అయిన డీడీఆరా అని. కాగితం మీద రాంబస్ వేగం నిజమే. కానీ చిప్పు చేయడం కష్టం, ఖరీదు ఎక్కువ, ప్రతి చిప్పుకూ రాయల్టీ. డీడీఆర్ సంగతి వేరు. చిప్పులు చేసే కంపెనీలు, వాడే కంపెనీలు జెడెక్ అనే సంఘంలో కూర్చుని 2000లో దానికి ఒక ప్రమాణం రాసుకున్నాయి. ఎవరు చేసినా ఒకే కొలత, ఒకే కాడి. చివరికి ఇంటెల్ కూడా డీడీఆర్ వైపే వచ్చింది. రాంబస్ షేరును 2000 జూన్‌లో ఒకటికి నాలుగుగా విడగొట్టారు. ఆ నాలుగో వంతు షేరు 2002 నాటికి పది డాలర్ల లోపుకు పడిపోయింది. వేగం గురించి రాంబస్ పక్షం వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. కొన్న ధర మాత్రం చాలా ఏళ్ళ వరకు తిరిగి రాలేదు.

ఇక్కడ మేనల్లుడు గట్టి జవాబే చెప్పాడు. "మామా, హెచ్‌బీఎం రాంబస్ లాంటిది కాదు. అది కూడా జెడెక్ ప్రమాణమే, 2013లో వచ్చింది" అన్నాడు. అది వాస్తవం. పైగా అంతస్తుల మెమరీలో మైక్రాన్‌కు సొంత పద్ధతి ఒకటి ఉండేది, హైబ్రిడ్ మెమరీ క్యూబ్ అని. 2011లో చూపించింది. అది అందరి ప్రమాణం కాలేదు, 2018లో దాన్ని వదిలి హెచ్‌బీఎం దారికే వచ్చింది. అంటే మేనల్లుడు చెప్పిన టెక్నాలజీ గెలిచేదే. కానీ ఈ జవాబులోనే నాకు ఒక విషయం కనిపించింది. మైక్రాన్ రెండు పందేలు ఓడింది, క్యూబ్ ఒకటి, క్రాస్‌పాయింట్ ఒకటి. అయినా బతికే ఉంది. మరి జపానులో ఎల్పిడా అనే కంపెనీ ఉండేది. ఎన్‌ఈసీ, హిటాచీ కలిసి 1999లో పెట్టినది. మంచి డీ-ర్యామ్ చేసేది, గెలిచిన టెక్నాలజీయే. అది 2012 ఫిబ్రవరిలో దివాలా దరఖాస్తు పెట్టింది. జర్మనీలో క్విమోండా 2009 జనవరిలో పోయింది. వాళ్ళు చేసిందీ డీ-ర్యామే. టెక్నాలజీ ఓడిపోయినా కంపెనీ నిలవవచ్చు, టెక్నాలజీ గెలిచినా కంపెనీ మునగవచ్చు. మూడు ఆదివారాలు మా వాళ్ళు ఏది గెలుస్తుందని వాదించారు. చెల్లె సొమ్ముకు సంబంధించిన ప్రశ్న అది కాదని నాకు అప్పుడు తోచింది.

ఎల్పిడా ఎందుకు మునిగిందో చెప్పాలంటే నేను మన మార్కెట్ యార్డుకు వెళ్ళాలి.

పసుపు సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. 2010లో నిజామాబాదు మార్కెట్‌లో క్వింటాలు పదిహేను వేలు దాటింది. ఆ ధర చూసి మక్క మానేసి పసుపు పెట్టినవాళ్ళెందరో. తొమ్మిది నెలల పంట. అందరిదీ ఒకేసారి యార్డుకు వచ్చింది. 2012 నాటికి క్వింటాలు నాలుగు వేల దరిదాపులకు పడింది. ఎవరి తప్పు? ఒక్కొక్క రైతూ తన లెక్క ప్రకారం సరిగ్గానే చేశాడు. తర్వాత కూడా అంతే. 2019 పార్లమెంటు ఎన్నికల్లో మన నిజామాబాదు స్థానంలో 185 మంది పోటీ చేశారు, అందులో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. ధర మీద కోపం బ్యాలెట్టు మీదికి ఎక్కింది.

మెమరీ చిప్పు కూడా పసుపు లాంటి సరుకు. మెట్‌పల్లి కొమ్ము, ఆర్మూరు కొమ్ము ఒకే కుప్పలో పోస్తే కొనేవాడికి తేడా లేనట్లు, జెడెక్ ప్రమాణం ప్రకారం చేసిన చిప్పు ఎవరిదైనా ఒకే గాడిలో కూర్చుంటుంది. ప్రమాణం వల్ల సరుకు గెలిచింది, ఆ ప్రమాణం వల్లనే చేసేవాడికి ధర మీద పట్టు పోయింది. ఇక కర్మాగారం కట్టడానికి వేల కోట్లు, రెండు మూడేళ్ళు. ధర బాగున్నప్పుడు అందరూ ఒకేసారి కడతారు. అన్నీ ఒకేసారి తయారవుతాయి, ధర కూలుతుంది. కూలినా యంత్రాలు ఆపరు, ఎందుకంటే పెట్టుబడి అప్పటికే పెట్టేశారు, ఆపితే వడ్డీ ఆగదు. ఇందులో ఎవరు మిగులుతారంటే, చెడ్డ ఏడాది కూడా అప్పు కట్టగలిగినవాడు. ఎల్పిడాకు ఆ శక్తి పోయింది. దివాలా నాటికి దాని అప్పు సుమారు 44,800 కోట్ల యెన్‌లు. దాన్ని 2013లో కొన్నది మైక్రానే. ఒకప్పుడు ఎన్నో దేశాల్లో ఎన్నో కంపెనీలు చేసిన డీ-ర్యామ్, ఆ తర్వాత చాలా భాగం మూడు కంపెనీల చేతికి వచ్చింది: కొరియాలో శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్.

మెమరీని మొదట మార్కెట్‌కు తెచ్చిన ఇంటెల్ కూడా ఈ దెబ్బకు ఆగలేదు. జపాను కంపెనీల పోటీలో ధరలు పడిపోతే 1985లో డీ-ర్యామ్ వదిలేసి ప్రాసెసర్లకు మళ్ళింది. దాని అధిపతి ఆండీ గ్రోవ్ తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు, మనల్ని తీసేసి కొత్త అధికారిని పెడితే వాడు చేసే మొదటి పని ఇదే కదా, మనమే ఎందుకు చేయకూడదు అని సహచరుడితో అనుకున్నారట. ఛార్జి మారినప్పుడు కొత్త సూపరింటెండెంటు పాత పెండింగును ఒక్క రోజులో తేల్చడం మనం చూడలేదా!

అదే 1985లో మైక్రాన్ కూడా దాదాపు చచ్చి బతికింది, పనివాళ్ళలో సగం మందిని తీసేసింది. ఆ కంపెనీ 1978లో ఐడహో రాష్ట్రంలోని బోయిసీ పట్టణంలో, ఒక దంతవైద్యుడి ఆసుపత్రి కింది గదిలో మొదలైంది. 1980లో దానికి పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి జె.ఆర్. సింప్లాట్ బ్యాంకరు కాదు, ఆలుగడ్డల వ్యాపారి. మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళకు ఆలుగడ్డలు సరఫరా చేసి సంపాదించినవాడు. బడి మధ్యలో మానేసిన మనిషి. ధర ఎక్కడం, దిగడం ఆయనకు పుస్తకంలో చదవవలసిన సంగతి కాదు. ఈ భాగం చదివినప్పుడు నాకు ఆ కంపెనీ మీద కొంత గౌరవం కలిగింది, దాచుకోను.

రెండో ఆదివారం వాదనలో హైదరాబాదు ప్రస్తావన వచ్చింది. మైక్రాన్ 2019 అక్టోబరులో హైదరాబాదులో పెద్ద కేంద్రం తెరిచింది, దాని అధిపతి సంజయ్ మెహ్రోత్రా కాన్పూరులో పుట్టినవాడు, 1988లో శాన్‌డిస్క్ పెట్టిన ముగ్గురిలో ఒకడు, 2017 నుంచి మైక్రాన్ బాధ్యత చూస్తున్నాడు, ఇంక సానంద్ కర్మాగారం కూడా వస్తున్నది, ఇది మన కంపెనీ లాంటిదే అన్నాడు మేనల్లుడు. మన పిల్లలకు ఉద్యోగాలు రావడం సంతోషమే. కానీ ఊళ్ళో ఆఫీసు ఉన్నంత మాత్రాన షేరు మంచిదని చెప్పలేం. సానంద్‌లో చేసేది చిప్పు తయారీ కాదు, బయట నుంచి వచ్చిన చిప్పులను పరీక్షించి పెట్టెలో పెట్టే పని. మా అబ్బాయి మాటల్లో చెప్పాలంటే "పసుపు అక్కడ పండదు, పాలిష్ పట్టి సంచులు కుడతరు." ఇంకొకటి, ప్రకటన వేరు, గోడ లేవడం వేరు. 2006లో హైదరాబాదు దగ్గర మహేశ్వరం వైపు ఫ్యాబ్ సిటీ అన్నారు. సెమ్‌ఇండియా అనే కంపెనీ 300 కోట్ల డాలర్లతో, ఏఎండీ టెక్నాలజీతో చిప్పులు చేస్తుందన్నారు. భూమి సేకరణ జరిగింది, పేపర్లలో పెద్ద పెద్ద బొమ్మలు వచ్చాయి. ఆ చిప్పుల కర్మాగారం రానేలేదు. రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి భూమి ఇచ్చిన రైతు గురించి ముందు ఆలోచిస్తాను, షేరు గురించి తర్వాత.

మూడో ఆదివారం మా అబ్బాయి లెక్కలు చదివాడు. మైక్రాన్ అమ్మకాలు 2022 ఆర్థిక సంవత్సరంలో 3,076 కోట్ల డాలర్లు. 2023లో, ఏడాది ముగిశాక తేలిన లెక్కలో, 1,554 కోట్లు. ఒక్క ఏడాదిలో సగం! నష్టం 583 కోట్ల డాలర్లు. అదీ కాక 2023 మేలో చైనా ప్రభుత్వం కీలక సంస్థల్లో మైక్రాన్ సరుకు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. హెచ్‌బీఎంలో హైనిక్స్ ముందుంది. ఇన్ని చూసి ఎవరైనా కొంటారా అన్నాడు. నష్టంలో ఉన్నప్పుడే కొనాలి, లాభంలో ఉన్నప్పుడు కొంటే ఏం మిగులుతుంది అన్నాడు మేనల్లుడు. ఇక్కడ మేనల్లుడి మాటే తూకంగా ఉందని నాకనిపించింది. పసుపు వ్యాపారం తెలిసిన ఆడ్తిదారు కూడా అదే చెబుతాడు.

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న చెల్లె అప్పుడు అడిగింది. "ధర లేనప్పుడు అప్పులేని రైతు కొమ్ములు సంచుల్ల కట్టి ఇంట్ల పెట్టుకుంటడు, మళ్ళ ఏడు అమ్ముతడు. ఈ కంపెనీ చిప్పులు దాచిపెట్టుకుంటదా?"

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మేనల్లుడే నిజాయితీగా చెప్పాడు, కొద్ది నెలలు దాచవచ్చు, ఆపైన కొత్త రకం చిప్పు వస్తుంది, పాతదాని విలువ పడిపోతుంది అని. "మరి నేను? నాకు పైసలు కావాల్సినప్పుడు దాని ధర లేకపోతే నేను ఆగగల్గుతనా?" అని రెండో ప్రశ్న వేసింది. దానికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆమెకు డెబ్బై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషను ఎప్పుడో ఒకప్పుడు తప్పదని డాక్టరు చెప్పే ఉన్నాడు. ఆ ఖర్చు పెన్షనులోంచి రాదు. డిపాజిట్టు కదపనని చెప్పింది. "నీ జీతం పైసలతోటి కొనుక్కో బిడ్డా, ఆగే వయసు నీది" అన్నది కొడుకుతో. అతను కొంత చిన్నబుచ్చుకున్నాడు గానీ, తన సొమ్ముతో కొన్ని షేర్లు కొనుక్కున్నాడు.

తర్వాత ఏమైందో కూడా చెప్పకపోతే సగం ఫైలు చూపించినట్లు. ఆ వాదన రోజుల్లో మైక్రాన్ షేరు సుమారు 65 డాలర్లు. 2024 జూన్‌లో 150 దాటింది. అప్పుడు మేనల్లుడు నాకు ఫోను చేసి "మామా, చూసినవా" అన్నాడు. చూశానన్నాను. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల గొడవలో మళ్ళీ 65 దరిదాపులకే వచ్చింది. రెండేళ్ళు గడిచి మొదటికి. చెల్లె మోకాలి ఆపరేషను ఆ ఏడాది ఎండాకాలంలోనే జరిగింది. డిపాజిట్టులోంచి తీసి కట్టాం, ఏ రోజు ధర ఎంతని చూడవలసిన పని లేకపోయింది. అదే ఏడాది డిసెంబరుకు షేరు 250 డాలర్లు దాటింది. కృత్రిమ మేధ యంత్రాల కోసం హెచ్‌బీఎం చేయడంలో మామూలు డీడీఆర్ కన్నా సుమారు మూడింతల ముడిపలక ఖర్చవుతుందని కంపెనీయే చెప్పింది. అందుకని మామూలు మెమరీకి కూడా కరువు వచ్చింది. 2025 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు 3,738 కోట్ల డాలర్లు, లాభం 854 కోట్లు. ఆ డిసెంబరులో మైక్రాన్, ఇళ్ళలో కంప్యూటర్లు వాడేవాళ్ళకు అమ్మే క్రూషియల్ అనే బ్రాండునే ఆపేస్తున్నట్లు ప్రకటించింది. పెద్ద గిరాకీ ఉన్నప్పుడు చిల్లర బేరం ఎందుకని కాబోలు.

మేనల్లుడు చెప్పింది జరిగింది. కంపెనీ గురించి అతని అంచనా సరిగ్గా ఉంది, అతనికి లాభమూ వచ్చింది, నాకు సంతోషం. చెల్లెకు ఈ సంగతి చెబితే "వానికి మంచిగైంది" అన్నది, అంతే. మా అబ్బాయి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. కరువు చూసి అందరూ కర్మాగారాలు మొదలుపెడుతున్నారు, పసుపు నాటుతున్నారు అంటాడు. చైనాలో చాంగ్‌షిన్ అనే నాలుగో కంపెనీ కూడా డీ-ర్యామ్ పెంచుతున్నదని అంటాడు. వాళ్ళ వాదన వాళ్ళది.

పిల్లలు మీ పేరు మీదనే అమెరికా షేర్లు కొంటామంటే తెలుసుకోవలసిన రెండు మాటలు చెప్పి ముగిస్తాను. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు బయటికి పంపవచ్చు, మనకు అంత అవసరం ఎటూ లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షల రూపాయలు దాటి పంపిన మొత్తం మీద, ఇట్లాంటి పెట్టుబడులకు, బ్యాంకువారు 20 శాతం పన్ను ముందుగా పట్టుకుంటారు. అది రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది. కానీ మనలో రిటర్ను వేయనివాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. రెండోది ఎక్కువ ముఖ్యం. మన దేశంలో ఎస్టేటు డ్యూటీ 1985లో ఎత్తేశారు. అమెరికాలో ఎత్తేయలేదు. అక్కడ నివాసం లేని విదేశీయుడు చనిపోయిన నాటికి అతని పేరు మీద ఉన్న అమెరికా షేర్లు 60,000 డాలర్ల విలువ దాటితే, దాటిన దాని మీద 40 శాతం వరకు పన్ను పడవచ్చు. మన దేశానికీ వాళ్ళకీ ఈ పన్ను విషయంలో ఒప్పందం లేదు. కంపెనీ కొరియాదా, అమెరికాదా, మెమరీ ఏ రకం అని చూసేటప్పుడు, షేరు ఎవరి పేరు మీద ఉంది, వారి వయసెంత అన్నది కూడా చూడాలి. మా మేనల్లుడికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

ఎవరి ఇంట్లోనైనా అట్లాంటి షేర్లు ఇప్పటికే పెద్దల పేరు మీద ఉంటే, ఆ స్టేట్‌మెంటు, నామినీ కాగితం వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. భోజనాల తర్వాత నేను, ట్రెజరీలో పనిచేసిన మన మిత్రులు ఇద్దరు కూర్చుని చూస్తాం. కళ్ళద్దాలు మరిచిపోకండి, అక్షరాలు చాలా సన్నగా ఉంటాయి.

సెలవు.